దవడలతో నమిలే చిమ్మటలు

సఖినేటిపల్లి కొబ్బరి రైతుకు నల్లతల గొంగళి పురుగు తెలియనిది కాదు. ఆకు అడుగున గూడు అల్లుకుని పచ్చదనాన్ని గీకి తింటుంది. చిమ్మటగా మారాక మాత్రం నమలలేదు. దాదాపు చిమ్మటలన్నింటిదీ ఇదే తీరు.

ఇందుకు భిన్నమైనది మైక్రోప్టెరిజిడే కుటుంబం. వీటికి పీల్చే తొండం లేదు. పెద్దయ్యాక కూడా పుప్పొడిని, ఫెర్న్ సిద్ధబీజాలను దవడలతో నమిలి తింటాయి. చాలా జాతుల లార్వాలకు లివర్‌వర్ట్ అనే చిన్న మొక్కలే ఆహారం. న్యూజిలాండ్‌లోని సబాటింకా అనే చిమ్మటల ప్రజాతి ఈ కుటుంబానిదే.

మిగతా చిమ్మటలకు తొండం ఎప్పుడు ఏర్పడిందో సూచించేది 2018 నాటి పరిశోధన. ఉత్తర జర్మనీలో సుమారు 20 కోట్ల ఏళ్ల నాటి చిమ్మటల రెక్కల పొలుసులు దొరికాయి. వాటిలో కొన్ని బోలు పొలుసులు. అవి తొండం ఉన్న చిమ్మటల వర్గానివి. అంటే పూలమొక్కల స్పష్టమైన శిలాజాలకన్నా ఎంతో ముందే తొండం ఏర్పడింది!