తరగతి గది : పదార్థము, వాడుక

“తరగతి గది” అను మాటలో రెండు పదములున్నవి. తరగతి యనగా శ్రేణి, అంతస్తు. గది యనగా నాలుగు గోడల నడిమి చోటు. మలాయి భాషలో దీనినే “బిలిక్ దర్జా” అందురు. బిలిక్ అనగా గది. దర్జా అరబ్బీ పదము, అంతస్తని అర్థము. తెలుగువారు వాడు “దర్జా” కూడ ఆ మూలము నుండి పుట్టినదే.

వాడుకలో తరగతికి మూడర్థములు కలవు.

1. “పాప మూడవ తరగతి చదువుచున్నది” – చదువులో శ్రేణి.
2. “మధ్యతరగతి కుటుంబము” – సంఘములో అంతస్తు.
3. “ఆదివారము తెలుగు తరగతి కలదు” – పాఠము చెప్పు సమయము.

మూడవ అర్థమునకు గదితో పనిలేదు. మలేషియా తెలుగువారికి ముఖ్యమైన అర్థమిదియే. 1923 నాటి కార్మిక చట్టము కూలీల పిల్లలకు బడి ఏర్పరచుమని తోటల యజమానులను శాసించినది. పేరాక్ రాష్ట్రమున బాగన్ దాతో ప్రాంతపు తోటలలో తెలుగు బడులు నడచినవి. కాలక్రమమున అవి మూతబడినవి. నేడు జాతీయ తరహా ప్రాథమిక పాఠశాలలు చీనా, తమిళ భాషలకు మాత్రమే కలవు. 1955లో మలయా ఆంధ్ర సంఘముగా వెలసిన నేటి మలేషియా తెలుగు సంఘము తెలుగు తరగతులను నడుపుచున్నది.

గది పోయినను తరగతి నిలువగలదు. రామమందిరమున చాప పరచి, గురువు ఎదుట పిల్లలు కూర్చున్నచో అది తరగతియే. పిల్లలను పంపనిచో ఎంత చక్కని కట్టడమైనను వట్టి గదియే.

అభ్యాసము: తరగతి అను పదమును మూడర్థములలో ప్రయోగించి మూడు వాక్యములు వ్రాసి, ఇంటి పెద్దలకు చదివి వినిపింపుడు.