పుర్రె తెరిస్తే కుంగే మెదడు

పిల్లలూ! ఒక రబ్బరు బుడగలో నీళ్లు నింపి మూతి కట్టండి. బకెట్టు నీళ్లలో ముంచితే అది గుండ్రంగానే ఉంటుంది. బయటికి తీసి బల్లమీద పెట్టండి. అడుగు చదునై, పక్కలకు సాగుతుంది కదూ?

మన మెదడు సంగతీ అంతే. దాని బరువు సుమారు 1,400 గ్రాములు. కాని పుర్రెలో ఒక ద్రవంలో తేలుతూ ఉండడంవల్ల దాని బరువు 50 గ్రాములే అన్నట్లుంటుంది. ఇది ఆర్కిమెడీస్ సూత్రమే! శస్త్రచికిత్సకోసం పుర్రె తెరిచినప్పుడు ఆ ద్రవం కొంత కారిపోతుంది. మెదడు కుంగుతుంది, ఒక్కొక్కసారి సెంటీమీటరు దాకా. అప్పుడు ముందుగా తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రం చూపే చోట కణితి ఉండదు! అక్కడ మాటకో, చూపుకో అవసరమైన భాగం ఉండవచ్చు. పొరపాటున దాన్ని కోస్తే?

ఇక్కడ కంప్యూటరు సాయపడుతుంది. చిత్రంలోని మెదడును వేలకొద్దీ చిన్న ముక్కలుగా విభజిస్తుంది. ఏ ముక్క ఎంత బలానికి ఎంత సాగుతుందో, పక్కముక్కను ఎంత నెడుతుందో సమీకరణాలు కట్టి, అన్నిటినీ కలిపి సాధిస్తుంది. ఇదే ‘పరిమిత మూలకాల పద్ధతి’. విమానాల వంటి నిర్మాణాల బలం లెక్కకట్టే ఈ పద్ధతికి అమెరికా ఇంజనీరు రే క్లఫ్ 1960లో ఈ పేరు పెట్టాడు.

ఆపరేషను సమయంలో మెదడు పైభాగం ఎంత కుంగిందో కొలిచి కంప్యూటరుకు అందిస్తే, లోపలి కణితి ఎటు జరిగిందో అది లెక్కకట్టి, పాత చిత్రాన్ని దిద్దుతుంది. అయితే మెదడు మెత్తదనం అందరిలో ఒకేలా ఉండదు. అందుకే లెక్క ఎంత చెప్పినా, డాక్టరు కళ్లతో సరిచూసుకోక తప్పదు.

ఇప్పుడు మీ బుడగ ఎంత కుంగిందో స్కేలుతో కొలిచి చూడండి!