ఎవరూ లేనప్పుడు అడుగు

కావలి,
ఆదివారం

చి.ల.సౌ. సింధుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంటర్వ్యూలు చేసొచ్చిన రాత్రులు నిద్ర పట్టడం లేదనీ, గృహహింస వదిలేసి వలసల మీద పరిశోధన చేసుకుంటాననీ రాశావు. ఇటు మీ అమ్మ ఫోన్ చేసి, "దెబ్బలూ చావులూ చదివే పిల్లకి సంబంధాలెలా వస్తాయక్కా" అని ఒకటే గోల. దాని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం వదలొద్దు. విన్నవన్నీ ఒక్కదానివే మోయకుండా వారానికోసారి మీ గైడ్ మేడం దగ్గర కూర్చుని చెప్పుకో.

నీ ప్రశ్నలన్నీ చదివాను, బాగున్నాయి. ఎక్కడ కూర్చుని అడుగుతావో మాత్రం రాయలేదు. నా దిగులంతా అక్కడే.

1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో, మా రాత్రిబడిలో ఒకామె కుడిచెయ్యి కొంగులో దాచుకుని ఎడంచేత్తో పలక మీద గీస్తోంది. ఏమైందంటే బర్రె తన్నిందంది. పక్కవాళ్ళు తలలు దించుకున్నారు. అరుగు మీద మొగుడు బీడీ కాలుస్తున్నాడు. అతను లేచి వెళ్ళేదాకా లాంతరు వత్తి సవరిస్తూ కూర్చున్నాను. తర్వాత నేను అడక్కుండానే ఆమే చెప్పింది. అంతకుముందు ఆ వీధికి ఎవరో లెక్కలు రాసుకోవడానికొచ్చి, నడివాకిట్లో నిలబడి "మీ ఇంట్లో గొడవలున్నాయా" అని అడిగాడట. అత్తగారు "అబ్బే" అంటే అదే రాసుకుపోయాడట.

అందుకే తల్లీ, అత్త ఉంటే అడక్కు. ఆడబిడ్డ ఉంటే అడక్కు. ఏడేళ్ళ పిల్లాడున్నా అడక్కు, సాయంత్రం వాళ్ళ నాన్నకి వాడే చెప్తాడు. మధ్యలో ఎవరైనా వస్తే పిల్లల టీకాల మీదికి మాట మార్చెయ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఈ ప్రశ్నలు ఇంటికి ఒక్కరినే, ఏకాంతం దొరికితేనే అడుగుతారు. తోడికోడళ్ళిద్దరినీ అడిగితే సంగతి ఇల్లంతా తెలుస్తుంది. అప్పుడు దెబ్బ పడేది నీకు కాదు. ఫోన్‌లో రికార్డు చేసినవాటికి పేర్లు పెట్టకు, అంకెలు వేసుకో.

అన్నం సరిగా తింటున్నావా? హాస్టల్ సాంబారు నీకు పడదని తెలుసు. ఆవకాయ పంపుతున్నాను.

ఇందాక చెప్పిన సర్వేలోనే, 2019-21లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 83 మందికి పైగా ఆడవాళ్ళు, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబేనన్నారు. చదివినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు గానీ నాకు ఆశ్చర్యం కలగలేదు. దెబ్బలు తిన్నవాళ్ళలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పుకోనే లేదని అదే సర్వే దేశమంతటి లెక్క. చెప్పుకునే చోటు లేనప్పుడు సబబేననుకుని బతుకుతారు.

అంతా సారా వల్లేనని ఎవరైనా చెప్తే నమ్మకు. 1992లో మన జిల్లా దూబగుంటలో రోసమ్మ వాళ్ళు సారా మీద తిరగబడ్డారు, మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. మా వీధిలో రాత్రి గొడవలు తగ్గిన మాట నిజమే. కానీ చుక్క ముట్టనివాడూ కొట్టాడు. ఎంత తాగినా ఎస్సై ముందు చేతులు కట్టుకున్నవాడికి ఇంటికొచ్చాకే చెయ్యి లేచింది. ఎవరి మీద లేస్తోందో, ఎవరి మీద లేవట్లేదో చూడు. నీ శాస్త్రమంతా అదే.

ప్రపంచంలో హత్యలకు బలయ్యేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, చంపేదీ ఎక్కువగా మగవాళ్ళే. హతులైన ఆడవాళ్ళలో సగానికి పైగా మాత్రం సొంతవాళ్ళ చేతుల్లో పోతున్నారు. కాబట్టి మగవాళ్ళతోనూ మాట్లాడు. అయితే భార్యని అడిగిన ఇంట్లో భర్తని అడక్కు.

వచ్చేసేముందు ఆమె చేతిలో కాగితమేమీ పెట్టకు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు నోటితో చెప్పు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందనీ, రక్షణ అధికారి ఉంటారనీ చెప్పు. విని ఊరుకోవడానికి కాదుగా మనం వెళ్ళేది.

ఏడుపొస్తే ఏడువు బంగారూ, మర్నాడు మళ్ళీ బయల్దేరు. ఈసారి సెలవులకి నేరుగా నా దగ్గరికే రా. మీ అమ్మ ముందు ఈ సంగతి ఎత్తకు, నేనే ఎత్తుతాను.

మీ పెద్దమ్మ