పనిలో తప్పు లేకుండా ఉద్యోగం తీసేస్తే?



ఇంటరో, డిగ్రీయో అయిపోగానే మనలో చాలామంది ఏ షాపులోనో, ఆసుపత్రిలోనో, ఫ్యాక్టరీలోనో చేరతారు. చాలా ఇళ్ళలో నెల తిరిగేసరికి వచ్చే జీతం అదొక్కటే. అలాంటి ఉద్యోగం కులాంతర వివాహం చేసుకున్నారనో, గర్భవతి అయిందనో, జబ్బు ఉందనో, యజమాని బంధువుతో మాటామాటా వచ్చిందనో పోతే ఏం చేయాలి?

కోర్టులు ఏమన్నాయి?

మొదటిసారి గర్భం వస్తే ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం పోతుందనే ఎయిరిండియా నిబంధనను సుప్రీంకోర్టు 1981లో కొట్టివేసింది. పెళ్ళి చేసుకున్నందుకు 1988లో మిలిటరీ నర్సింగ్ సర్వీసు నుంచి తొలగించిన సెలీనా జాన్‌కు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2024లో తీర్పు చెప్పింది. అయితే ఇవి ప్రభుత్వ పరిధిలోని ఉద్యోగాలు. రాజ్యాంగంలోని 14, 16 అధికరణలు అక్కడ నేరుగా పనిచేస్తాయి. ప్రైవేటు ఉద్యోగికి ప్రధాన ఆధారం కార్మిక చట్టాలే.

ఏ చట్టం ఎవరికి?

షాపులు, హోటళ్ళు, ప్రైవేటు ఆఫీసుల వారికి మన రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు వరుసగా పనిచేసిన వారిని సరైన కారణం లేకుండా, నెల ముందు నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. తీసేస్తే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు.

ఫ్యాక్టరీ కార్మికులకు పూర్వం 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. కక్షతో తొలగించడం దీని ప్రకారం అనుచిత చర్య. మేనేజర్లకు, 18,000 రూపాయలకు మించి జీతం ఉన్న సూపర్‌వైజర్లకు మాత్రం ఇది వర్తించదు. వారు నోటీసు జీతం, నష్టపరిహారం కోసం సివిల్ కోర్టుకు వెళ్ళాలి.

గర్భిణిని ప్రసూతి సెలవులో ఉండగా తొలగించడం చట్టవిరుద్ధం. హెచ్ఐవి ఉందని ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది.

వెంటనే చేయవలసినవి

1. ఒత్తిడి చేసినా రాజీనామా పత్రం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. రాజీనామా ఇస్తే "తనే మానేశాడు" అంటారు.

2. నోటిమాటతో రావద్దంటే, కారణం రాతపూర్వకంగా ఇవ్వమని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోండి.

3. నియామక పత్రం, జీతం చీటీలు, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోనులో వచ్చిన సందేశాలు భద్రపరచండి.

4. రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అది కూడా ఫిర్యాదులో రాయండి.

5. కార్మికులైతే రెండేళ్ళలోపు కార్మిక శాఖ రాజీ అధికారి దగ్గరకు వెళ్ళాలి. అక్కడ తేలకపోతే, నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి. గడువు దాటితే న్యాయం మన వైపున్నా కేసు నిలవడం కష్టం.

లాయరు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు.

మిత్రులారా! ఊళ్ళో అన్న, అక్క ఎవరైనా ఇలా పని పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఈ నాలుగు మాటలు వారికి చెప్పండి. మనం చదివిన చదువు వారికి ఉపయోగపడేది అప్పుడే.