హెడ్‌ల్యాంప్ కొంటున్నారా? ల్యూమెన్స్ కన్నా ముందు చూడాల్సిన లెక్క ఇది

ఆన్‌లైన్‌లో హెడ్‌ల్యాంప్ అని కొడితే వందల్లో ఉన్నవీ కనిపిస్తాయి, వేలల్లో ఉన్నవీ కనిపిస్తాయి. అన్నిటి బాక్సుల మీదా ఒకే మూడు నంబర్లు: ఇన్ని ల్యూమెన్స్, ఇన్ని గంటలు, ఇన్ని మీటర్లు. ఈ మూడింటి అర్థం తెలిస్తే చాలు, మీకు ఏది సరిపోతుందో మీరే తేల్చుకోవచ్చు.

మన కురబలకోట, మదనపల్లె వైపు దీని వాడకం చాలానే ఉంది. తెల్లవారుజామున హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డులో నడిచేవాళ్లు, అంగళ్ల దగ్గర కదిరి రోడ్డు పక్కన రన్నింగ్ చేసేవాళ్లు, చీకట్లో టమాటా తోటలో డ్రిప్ చూసుకోవడానికి వెళ్లే రైతులు. అందరికీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, కాలి కింద ఏముందో కనబడాలి. రక్తపింజరి, కట్లపాము ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి కాబట్టి దారి మధ్యలో లైటు ఆరిపోవడం చిన్న విషయం కాదు.

బాక్సు మీద నంబర్లు ఎలా వస్తాయి?

మంచి కంపెనీలు ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ప్రకారం టెస్ట్ చేస్తాయి. అందులో ల్యూమెన్స్ కొలిచేది లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపే. ఫోన్‌లో బెంచ్‌మార్క్ మొదటిసారి రన్ చేస్తే వచ్చే స్కోర్ లాంటిది ఇది. తర్వాత వేడెక్కి, బ్యాటరీ దిగి వెలుతురు తగ్గుతుంది.

ఇక గంటల సంగతి. వెలుతురు మొదట ఉన్నదాంట్లో 10 శాతానికి పడిపోయేదాకా లైటు వెలుగుతున్నట్టే లెక్క. అంటే 400 ల్యూమెన్స్ లైటు 40కి దిగేవరకు పట్టిన టైమంతా రన్ టైమే. పైగా చాలా బాక్సుల మీద ల్యూమెన్స్ హై మోడ్‌వి, గంటలు లో మోడ్‌వి వేస్తారు.

మీటర్లు అంటే పున్నమి వెన్నెలంత వెలుతురు, 0.25 లక్స్, పడే దూరం. 100 మీటర్లు అని రాస్తే అంత దూరంలో రాయికీ గుంతకీ తేడా తెలుస్తుందని అనుకోకండి. దూరం రెట్టింపు కావాలంటే కాంతి తీవ్రత నాలుగు రెట్లు కావాలి.

రెండు నిమిషాల లెక్క

బ్యాటరీ ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగించండి. వచ్చేది వాట్-అవర్స్. మంచి ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంప్ ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్స్ ఇస్తుందని వేసుకోండి.

ఉదాహరణకి 1,200 ఎంఏహెచ్ అంటే దాదాపు 4.4 వాట్-అవర్స్. 400 ల్యూమెన్స్‌లో వాడితే గంటకు కాస్త పైన, 100 ల్యూమెన్స్‌లో నాలుగు గంటలకు పైన వస్తుంది. ఇంత బ్యాటరీతో 400 ల్యూమెన్స్ 30 గంటలు అని ఎవరైనా రాస్తే పక్కన పెట్టేయండి. అలాగే 18650 సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని కనిపిస్తే నమ్మకండి. ఆ సైజులో మంచి సెల్స్ కూడా 3,500 చుట్టుపక్కలే ఉంటాయి.

బరువు కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. పెట్జల్ బిండి 35 గ్రాములే, 200 ల్యూమెన్స్ ఇస్తుంది, కానీ బ్యాటరీ 680 ఎంఏహెచ్. ఫుల్ వెలుతురు గంటంపావు దాకా అని లెక్క వేసుకోవాలి. ఒక్క 18650 సెల్లే 45 గ్రాములకు పైన ఉంటుంది. తేలిక కావాలంటే టైమ్ తగ్గుతుంది, టైమ్ కావాలంటే బరువు పెరుగుతుంది.

ఎవరికి ఏది?

రన్నింగ్‌కి: 50 గ్రాముల లోపు, 150 నుంచి 200 ల్యూమెన్స్. బరువైనది అడుగు అడుగుకీ నుదుటి మీద ఊగుతుంది. రోడ్డు మీదైతే లైటు కిందికి వంచండి, ఎదురొచ్చే బండివాళ్ల కళ్లలో పడకూడదు. వెనక ఎర్ర లైటు ఒకటి వేరేగా పెట్టుకోండి.

కొండ నడకకి: 200 నుంచి 300 ల్యూమెన్స్, 1,200 ఎంఏహెచ్ లేదా ఆ పైన. 1,200 మీటర్లు దాటిన హార్స్‌లీ హిల్స్ మీద చలికాలం మంచు పడితే నుదుటి మీద లైటు వెనక్కి కొట్టి ముందంతా తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు తీసి నడుము దగ్గర పట్టుకోండి. వెలుతురు పక్కనుంచి పడితే రాళ్ల నీడలు కూడా తెలుస్తాయి. అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.

క్యాంపింగ్‌కి: ఎక్కువ వెలుతురు అక్కర్లేదు, 5 నుంచి 50 ల్యూమెన్స్ మోడ్‌లు ఉంటే చాలు. ఎర్ర లైటు తప్పకుండా చూడండి. చీకటికి కళ్లు బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తెల్ల లైటు దాన్ని క్షణంలో చెడగొడుతుంది. ఎర్ర లైటుకి పురుగులు కూడా తక్కువ వస్తాయి.

తోట పనికి: బరువు కాస్త ఎక్కువైనా పర్లేదు, బ్యాటరీ మార్చుకునేలా ఉండాలి. రిమోట్‌లో వేసే సన్న పెన్సిల్ సెల్స్‌తో నడిచేదైతే ఏ ఊరి అంగడిలోనైనా దొరుకుతాయి.

అందరికీ కావాల్సినవి మూడు: చెమటకీ చినుకులకీ తట్టుకునే ఐపీఎక్స్4, బ్యాగులో దానంతటదే ఆన్ కాకుండా లాక్, చార్జింగ్ అయితే యూఎస్‌బీ-సీ.

రిటర్న్ గడువు లోపే ఈ టెస్ట్ చేయండి

ఫుల్ చార్జ్ చేసి చీకటి గదిలో గోడకి ఒక మీటరు దూరంలో లైటు కదలకుండా పెట్టండి. వెలుతురు పడే చోట ఫోన్ పెట్టి, లక్స్ మీటర్ యాప్‌లో ప్రతి 15 నిమిషాలకీ రీడింగ్ రాసుకోండి. యాప్ చూపే అంకె కచ్చితంగా ఉండకపోవచ్చు, కానీ మొదటి రీడింగ్‌తో పోలిస్తే ఎంత తగ్గిందో తెలుస్తుంది. అది సగానికి పడిపోయే టైమే మీకు పనికొచ్చే రన్ టైమ్. మీ నడకకి పట్టే టైమ్ కన్నా అది కనీసం గంట ఎక్కువ ఉంటే ఉంచుకోండి, లేకపోతే వెనక్కి పంపేయండి.