చెద – గృహరక్షణ

తొలకరి వాన వెలిసిన సాయంవేళ ఉయ్యూరు వీథిదీపాల చుట్టు ఉసిళ్లు ముసురుతాయి. అవి రెక్కలు వచ్చిన చెదలే. రెక్కలు రాల్చిన జంట తడినేలలో చేరి కొత్త సంసారానికి నాంది పలుకుతుంది.

చెదను తెల్లచీమ అనడం వాడుక. నిజానికది చీమజాతికి చెందదు, బొద్దింకకు జ్ఞాతి. రాణి గుడ్లు పెడుతుంది. భటులు కావలి కాస్తాయి. శ్రామికులు మేత తెస్తాయి. అడవిలో ఎండుటాకును మన్నుగా మార్చే ఉపకారి ఇది. ఇంట మాత్రం కొయ్యకు, కాగితానికి శత్రువు. తాటాకు గ్రంథాలెన్నో దీని పాలయ్యాయి. మచిలీపట్నంలోనూ కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో పండితులచేత ప్రతులు వ్రాయించి అనేక కావ్యాలను కాపాడాడు.

చెద దేహం మృదువైనది. ఎండకు, పొడిగాలికి తాళలేదు. అందుకే నేల నుండి కొయ్య దాకా మట్టిగొట్టం కట్టుకొని, ఆ చాటున నడుస్తుంది. గోడపై ఆ మట్టిచార కనబడితే చెరిపి ఊరుకోరాదు. గూడు నేలలోనే ఉంటుంది. కాలువల సీమలో నేలకు తేమ ఎక్కువ. కనుక కుళాయి నీరు కారకుండ చూడాలి; వంటచెరకును గోడకు ఆనించరాదు; బీరువాను గోడకు ఎడంగా నిలపాలి. ఇల్లు కట్టేటప్పుడే ఐ.ఎస్. 6313 ప్రమాణాన్ని అనుసరించి పునాది మట్టికి మందు పట్టించాలి. కట్టిన ఇంటికైతే నిపుణులచేత గోడ మొదట రంధ్రాలు చేయించి మందు పోయించాలి.

పొలం పట్టా, చదువుల పత్రాలు ఒక్క వానకాలంలోనే మన్నుపాలు కావచ్చు. కనుక వానలకు ముందు, వెనుక గోడమూలలను, ద్వారబంధాలను పరిశీలించడం ప్రతి గృహస్థుని విధి.