ఆటిజం ఉన్న బిడ్డకు ఏ థెరపీ మంచిది?

"మా బాబుకు మూడేళ్లు నిండాయి డాక్టరుగారూ. ఇంకా మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కుపోతాడు." తల్లులు తరచు ఇలా చెబుతుంటారు. ఇంట్లో పెద్దలేమో "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి, కంగారు పడకండి" అంటారు. ఈలోగా విలువైన కాలం గడిచిపోతుంది.

ఆటిజం మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. తల్లి పెంపకంలో లోపం వల్ల రాదు. టీకాల వల్ల కూడా రాదు. అలా అనుమానం రేపిన 1998 నాటి వ్యాసాన్ని ఆ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. మూర్ఛ, నిద్రలేమి, తీవ్రమైన చికాకు వంటివి ఉంటే వాటికి మాత్రమే మందులు ఇస్తారు. బిడ్డకు మాట, అలవాట్లు, ఆట నేర్పేది థెరపీయే.

మొదట చేయవలసినది

ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. చిన్నపిల్లలకు నిద్రలోనే చేసే బెరా పరీక్ష ఉంది. తరువాత పిల్లల వైద్యులు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు బిడ్డను చూడాలి. జబ్బు పేరు తేలేదాకా ఆగనక్కరలేదు. మాట ఆలస్యమైందని తెలిసిన రోజే శిక్షణ మొదలుపెట్టవచ్చు.

ఏ పద్ధతి ఏం చేస్తుంది?

దాహమేసిన ఆ బాబునే ఉదాహరణగా తీసుకుందాం.

1. ప్రవర్తనా చికిత్స (ఎ.బి.ఎ.): "నీళ్లు అడగడం" అనే పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. మొదట గ్లాసు వైపు చూడటం, తరువాత వేలితో చూపడం, ఆపైన "నీ" అనడం. ప్రతి మెట్టుకీ వెంటనే నీళ్లు, మెచ్చుకోలు. అమెరికాలో డాక్టర్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనంతో ఇది ప్రసిద్ధికెక్కింది. వారానికి 40 గంటలు శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తిచేశారని ఆయన రాశారు. తరువాతి అధ్యయనాల్లో మేలు కనిపించినా, అందరికీ అంతగా లేదు. ఆ రోజుల్లో వాడిన దండనలను ఇప్పుడు ఎవరూ అంగీకరించకూడదు.

2. బొమ్మల మార్పిడి (పెక్స్): బిడ్డ గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి అమ్మ చేతిలో పెడతాడు, అమ్మ నీళ్లిస్తుంది. 1985లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో మొదలైంది. "బొమ్మలకు అలవాటు పడితే ఇక మాట్లాడడేమో" అని భయపడకండి. బొమ్మలు మాటకు అడ్డురావు.

3. స్పీచ్ థెరపీ, ఆటతో నేర్పడం: బిడ్డ దేన్ని చూస్తున్నాడో దాని గురించే చిన్న మాటలు చెప్పి, జవాబు కోసం ఆగాలి. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన 2015 చివర వెలువడింది. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు ఇలా ఆడటం నేర్పగా, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

వీటిలో ఒక్కటే ఎంచుకోవాలని లేదు. అసలు మాటే లేని బిడ్డకు బొమ్మలు, స్పీచ్ థెరపీ కలిపి మొదలుపెట్టవచ్చు. తల బాదుకునే బిడ్డకు మొదట చెవిపోటు, పంటినొప్పి ఉన్నాయేమో చూపించి, ఆపైన బాదుకోవడానికి ముందు ఏం జరిగింది, తరువాత ఏం దొరికింది అని రాసుకుంటూ ప్రవర్తనా చికిత్స చేయాలి.

ఇంట్లో తెలుగు మానకండి. "ఇంగ్లీషొక్కటే మాట్లాడండి" అనే సలహాకు ఆధారం లేదు. అమ్మ, నాయనమ్మ మనసారా మాట్లాడే భాషే బిడ్డకు మేలు.

థెరపీ కేంద్రంలో అడగవలసిన ప్రశ్నలు

- వచ్చే మూడు నెలల్లో మా బిడ్డకు ఏమేమి నేర్పుతారు? రాసి ఇస్తారా?
- నేర్పేవారి చదువు, శిక్షణ ఏమిటి?
- మేము పక్కన కూర్చుని చూడవచ్చా? ఇంట్లో ఏం చేయాలో చూపిస్తారా?
- బిడ్డ ఏడిస్తే, మొండికేస్తే ఏం చేస్తారు?

తలుపు మూసి తల్లిని బయట కూర్చోబెట్టేచోట, కొట్టి నేర్పేచోట, "పూర్తిగా నయం చేస్తాం" అని లక్షలు అడిగేచోట బిడ్డను చేర్చకండి. ఒంట్లో లోహాలు తీస్తామనే కీలేషన్ ఇంజెక్షన్ వల్ల 2005లో అమెరికాలో అయిదేళ్ల ఆటిజం బాలుడు చనిపోయాడు. మూలకణాల చికిత్సకూ తగిన రుజువు లేదు. ఇల్లు తాకట్టు పెట్టి వాటి వెంట పడవద్దు.

సహాయం ఎక్కడ?

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ (ఇప్పుడు నీపిడ్) ఉంది. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటు చేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం చేరింది కనుక సర్టిఫికెట్ తీసుకోండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు వీలుంది.

ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. పదిహేను నిమిషాలు టీవీ, ఫోను కట్టేసి, బిడ్డకు ఎదురుగా నేలమీద కూర్చోండి. గ్లాసులో కొంచెమే నీళ్లు పోసి ఇవ్వండి. తాగాక "నీళ్లు?" అని అడిగి, పదివరకు మనసులో లెక్కపెడుతూ ఆగండి. ఒక చూపు, ఒక సైగ, ఒక శబ్దం ఏది వచ్చినా అదే జవాబు. వెంటనే "నీళ్లు" అంటూ ఇంకొంచెం పోయండి. ఆ రోజు తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. మూడు నెలల తరువాత థెరపీ పనిచేస్తున్నదో లేదో ఆ పుస్తకమే మీకు చెబుతుంది.